పాత టర్బో డీజిల్ ఇన్‌టేక్‌లో ఆయిల్ జిడ్డు: 75 వేల కి.మీ. వాడకం మీద సమీక్ష

ఇన్‌టేక్ అంటే ఇంజన్‌లోకి గాలి పోయే దారి. అందులో టర్బో (గాలిని ఒత్తిడితో నెట్టేది) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది) వెళ్లే హోస్ పైపు ఊడదీసి లోపల వేలు పెడితే నల్లగా, జిగటగా ఆయిల్ అంటుతుంది. షెడ్డులో అది కంటపడగానే "టర్బో ఆయిల్ కొడుతోందండీ, మార్చాల్సిందే" అనేస్తారు. ఆ ఒక్క మాటతో బాగున్న టర్బోని విప్పించేసుకున్నవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. తడి హోస్‌ను చూసి టర్బోకి తీర్పు చెప్పకూడదు. ఆయిల్ ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది అనేవి తేల్చుకోవాలి. ఆ తర్వాతే స్పానర్ పట్టుకోవాలి.

1.3 లీటర్ మల్టీజెట్ ఇంజన్ బండి మీద 1,10,000 కి.మీ. దగ్గర మొదలుపెట్టి 1,85,000 దాకా చూసిన సంగతులివి. జనం చెప్పే పద్ధతులన్నీ ఇందులో ఉన్నాయి: క్యాచ్ క్యాన్ (ఆయిల్ తుంపరను పట్టే డబ్బా), ఇంటర్‌కూలర్ కడగడం, మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) విప్పి గోకడం, ఈజీఆర్ (పొగను కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) శుభ్రం చేయడం, స్ప్రేలు, ఆయిల్ గ్రేడు మార్పు. ఒకే బండి మీద తీసిన కొలతలు కాబట్టి అంకెల్ని అలాగే చూడండి. కారణాలు మాత్రం ఏ పాత టర్బో డీజిల్‌కైనా వర్తిస్తాయి.

ఈ ఇంజన్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1,248 సీసీ ఫియట్ డిజైన్ ఇది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, లీనియా అన్నిటిలోనూ ఇదే. 75 హార్స్‌పవర్ రకంలో మామూలు టర్బో, 90 రకంలో రెక్కల కోణం మారే టర్బో ఉంటాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 పొగ నిబంధనలు రావడంతో మన మార్కెట్‌లో దీని కథ ముగిసింది. అయినా హైదరాబాద్ క్యాబుల్లో, విజయవాడ ట్రావెల్స్‌లో, ఊళ్లలో సొంత బండ్లుగా ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. అన్నీ ఇప్పుడు జిడ్డు పేరుకునే వయసులో ఉన్నాయి.

ఆయిల్ అక్కడికి ఎలా వస్తుంది

సిలిండర్‌లో మండిన వాయువు కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారుతుంది. ఎంత కొత్త ఇంజన్‌లోనైనా ఇది తప్పదు. కింద క్రాంకు (పిస్టన్లకు కలిసి ఉండే ఇరుసు) గిర్రున తిరుగుతూ ఆయిల్‌ని చిలుకుతూ ఉంటుంది కాబట్టి ఆ వాయువు ఆయిల్ తుంపరను మోసుకుని పైకి లేస్తుంది. దాన్ని బయటికి వదలకూడదు గనుక బ్రీదర్ పైపు ద్వారా టర్బో ముందరి గొట్టంలోకి పంపుతారు. మధ్యలో ఆయిల్‌ని వేరు చేసే ఒక చిన్న అర ఉంటుంది. పెద్ద చుక్కల్ని అది పట్టుకుంటుంది, సన్నటి పొగమంచులాంటి తుంపర మాత్రం దాటిపోతుంది. ఆ తుంపర టర్బో కంప్రెసర్ (గాలిని నొక్కే రెక్కల చక్రం) గుండా పోయి, ఇంటర్‌కూలర్‌లో చల్లబడి, గోడలకు పట్టి, అడుగున చేరుతుంది. అంటే ఇంటర్‌కూలర్ అడుగున కాస్త ఆయిల్ ఉండటం ఆ బండి పుట్టుకతో వచ్చిన లక్షణం, రోగం కాదు.

రెండో దారి టర్బోదే. టర్బో ఇరుసుకు రబ్బరు సీలు ఉండదు. పిస్టన్ రింగులాంటి సన్నటి ఇనప రింగులు ఉంటాయి. అవి ఆయిల్‌ని ఆపేది ప్రధానంగా రెండు వైపులా ఉండే గాలి ఒత్తిడి సాయంతోనే. ఆ ఒత్తిడి తారుమారైతే బాగున్న టర్బో కూడా ఆయిల్ వదులుతుంది. ఎయిర్ ఫిల్టర్ మట్టితో మూసుకుపోతే కంప్రెసర్ దగ్గర పీల్పు పెరిగి ఆయిల్‌ని లాగుతుంది. టర్బో నుంచి కిందికి దిగే ఆయిల్ రిటర్న్ పైపు కార్బన్‌తో సన్నబడితే ఆయిల్ దిగలేక పక్కలకు కారుతుంది. బ్రీదర్ మూసుకుపోయి క్రాంక్ గదిలో ఒత్తిడి పెరిగినా అదే జరుగుతుంది. ఈ మూడూ చూడకుండా కొత్త టర్బో వేస్తే అదీ నెలకే ఆయిల్ కొడుతుంది. అప్పుడు "డూప్లికేట్ టర్బో ఇచ్చారు" అని షాపు మీద పడతాం.

ఏసీ వేసుకుని గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచడం ఇంకో పెద్ద కారణం. ఐడిల్‌లో టర్బో కంప్రెసర్ వైపు ఒత్తిడి దాదాపు ఉండదు, ఇంజన్ వేడి తక్కువ, మసి ఎక్కువ. శంషాబాద్ పార్కింగ్‌లో ఏసీలో పడుకుని ట్రిప్పు కోసం ఎదురుచూసే క్యాబ్, అన్నే కి.మీ. తిరిగిన హైవే బండి కంటే ఇన్‌టేక్ లోపల రెండింతలు ముసలిదై ఉంటుంది.

ఎక్కడ చూడాలి, ఎంతుంటే భయపడాలి

మొదట ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వచ్చే గొట్టం విప్పండి. బ్రీదర్ కలిసే చోటు దాకా పొడిగా ఉండి, అక్కడి నుంచి టర్బో నోటి వరకు తడిగా ఉంటే ఆ ఆయిల్ బ్రీదర్‌ది. టర్బో నోరు పొడిగా ఉండి, టర్బో తర్వాతి పైపు మాత్రం చెమ్మగిల్లి కారుతుంటే అనుమానం టర్బో మీదికి పోవాలి. రెండూ తడిగా ఉంటే ఈ పరీక్షతో తేలదు. బ్రీదర్ సంగతి ముందు చూడాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక టర్బో నోట్లో వేళ్లు పెట్టి ఇరుసును కదిపి చూడండి. పైకీ కిందికీ అతి స్వల్పంగా ఆడటం మామూలే. తిరిగేటప్పుడు ఆ ఖాళీని ఆయిల్ పొర నింపుతుంది. ముందుకూ వెనక్కూ మాత్రం చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. రెక్కల అంచులు కేసింగ్‌కు రాసుకున్న మెరుపు గీతలు ఉంటే ఆ టర్బో పని అయిపోయినట్టే.

కొలత చెప్పాలంటే, ఇంటర్‌కూలర్ దింపి తలకిందులు చేసి రాత్రంతా గిన్నెలో కారనివ్వండి. లక్ష కి.మీ. దాటి ఒక్కసారీ కడగని బండిలో 30 నుంచి 70 మి.లీ. వస్తే కంగారు అక్కర్లేదు. 100 దాటితే కారణం వెతకాలి. టీ గ్లాసు నిండి పొర్లితే బండి నడపడమే ఆపాలి, ఎందుకో కింద చెప్తాను. దీనితో పాటు డిప్ స్టిక్ లెక్క కూడా చూడాలి. 5,000 కి.మీ.లో అర లీటరు కంటే ఎక్కువ ఆయిల్ పోయాల్సి వస్తుంటే ఇన్‌టేక్ జిడ్డు ఒక్కటే సమస్య కాదు.

బ్రీదర్ ఒత్తిడి తెలుసుకోడానికి ఆయిల్ మూత విప్పి బోర్లా పెట్టి చూడటం షెడ్డు పద్ధతి. మూత కాస్త వణికితే ఫరవాలేదు, ఎగిరి కింద పడితే రింగులు పోయాయని అంటారు. ఇది మోటు కొలత. దీనికన్నా తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే సన్న ప్లాస్టిక్ గొట్టం చక్కగా పనిచేస్తుంది. ఆరడుగుల గొట్టాన్ని 'యు' ఆకారంలో బానెట్ పక్కన ఇంజన్ కంటే కిందికి వేలాడదీసి, సగం దాకా నీళ్లు పోసి, ఒక కొసను డిప్ స్టిక్ గొట్టానికి గాలి పోకుండా బిగించాలి. రెండో కొస తెరిచి ఉంచాలి. నీళ్లు ఇంజన్‌లోకి పోకుండా రెండు వైపులా కనీసం అడుగు ఖాళీ గొట్టం ఉంచండి. బ్రీదర్ బాగుంటే ఐడిల్‌లో రెండు వైపులా నీటిమట్టం దాదాపు సమానంగా ఉంటుంది, లేదా ఇంజన్ వైపు కాస్త లాగుతుంది. ఎక్సలరేటర్ 2,500 ఆర్పీఎం దాకా తొక్కినప్పుడు నీళ్లు ఎదురు తిరిగి, ఇంజన్ అవతలికి నెడుతూ పెరుగుతూ పోతే బ్రీదర్ మూసుకుందో, రింగులు అరిగాయో. ముందు బ్రీదర్ కడిగి మళ్లీ కొలవండి. పది నంబరు స్పానర్‌తో అయ్యే పనికి ఇంజన్ ఎందుకు విప్పాలి?

కాటుక ఎలా పుడుతుందో అలాగే

ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి, పట్టిన మసిని కాస్త నూనెతో రంగరిస్తే కాటుక. మ్యానిఫోల్డ్‌లో జరిగేది అచ్చం ఇదే. బ్రీదర్ నూనె ఇస్తుంది, ఈజీఆర్ వాల్వ్ పొగగొట్టంలోని మసిని తెచ్చి ఇస్తుంది, రెండూ కలిసే చోట కాటుక తయారవుతుంది. ఒక్క ఆయిలే ఉంటే గోడ తడిసి ఊరుకుంటుంది, గాలికి ఆటంకం ఉండదు. ఒక్క మసే ఉంటే చాలావరకు గాలితో పాటు సిలిండర్‌లోకి పోయి మండుతుంది. రెండూ కలిశాకే అది గోడకు పట్టి, ఆరి, మళ్లీ పట్టి, పొర మీద పొరగా పెరుగుతుంది. 1,10,000 దగ్గర విప్పినప్పుడు ఈజీఆర్ గాలిలో కలిసే చోట పొర 5 నుంచి 6 మి.మీ. మందం ఉంది. పైపొర మెత్తగా వేలికి అంటేలా, లోపలిపొర బొగ్గులా గట్టిగా ఉంది. చివరి సిలిండర్ల వైపు పలచగా, కలిసే చోటికి దగ్గర్లో మందంగా ఉంది.

బండి మీద దీని ప్రభావం నెమ్మదిగా కనిపిస్తుంది. 1,500 ఆర్పీఎం లోపు పికప్ తగ్గుతుంది, గేరు మార్చాక ఒక్క క్షణం ఆగి లాగుతుంది, ఘాట్‌లో నల్ల పొగ వస్తుంది. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) కొలిచే సెన్సర్ ముక్కుకు మసి పడితే కంప్యూటర్‌కు తప్పు లెక్క వెళ్తుంది. అప్పుడు టర్బో బాగున్నా పవర్ తగ్గించేస్తుంది. ప్రతి పొల్యూషన్ సర్టిఫికెట్ మీద వేసే పొగ సాంద్రత అంకెను దాచుకోండి. బీఎస్4 డీజిల్‌కు హద్దు 1.62, అంతకు ముందువాటికి 2.45. హద్దు లోపలే ఉన్నా ఏటికేడు అంకె పెరుగుతుంటే గాలి దారి సన్నబడుతోందనే మొదటి అనుమానం రావాలి.

క్యాచ్ క్యాన్

అందరూ అడిగేది దీని గురించే. బ్రీదర్ పైపు మధ్యలో ఒక డబ్బా పెట్టి, తుంపరను అందులో ఆపి, మిగతా వాయువును మళ్లీ టర్బో ముందుకు పంపడం దీని పని.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవి చాలావరకు లోపల ఏమీ లేని ఖాళీ డబ్బాలు. వాయువు ఒక వైపు దూరి రెండో వైపు పోతుంది, తుంపర దానితోనే పోతుంది. లోపల అడ్డు రేకులు, స్టీలు జాలీ ఉన్నదే కొనాలి. దొరక్కపోతే ఖాళీ డబ్బాలో గిన్నెలు తోమే సన్న స్టీలు పీచు కుక్కేవాళ్లున్నారు. అది అస్సలు పెట్టొద్దు. దాని పోగులు తెగి టర్బో రెక్కల్లోకి పోతాయి.

పైపు లోపలి వ్యాసం బ్రీదర్‌ది ఎంత ఉందో అంతే ఉండాలి. చాలా బండ్లలో 19 మి.మీ. దగ్గర ఉంటుంది, మీ పైపు కొలిచి తీసుకోండి. సన్నది వేస్తే క్రాంక్ గదిలో ఒత్తిడి పెరిగి, తగ్గించాలనుకున్న ఆయిల్‌నే పెంచుకుంటాం. పైపు ఆయిల్‌కు తట్టుకునే నైట్రైల్ రబ్బరుది కావాలి. హీటర్ పైపు, తోటకు నీళ్లు పట్టే పైపు ఆరు నెలల్లో ఉబ్బి, మెత్తబడి, పీల్పుకు లోపలికి అతుక్కుపోతాయి. డబ్బాను బ్రీదర్ కంటే తక్కువ ఎత్తులో, టర్బో వేడికి దూరంగా బిగించాలి. పైపు ఎక్కడా కిందికి వంగి గుంట పడకూడదు, ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. పైపును డబ్బాలో వదిలేసి గాలిలోకి తెరిచి ఉంచడం మాత్రం వద్దు. ఏసీ గుండా కారులోకి ఆయిల్ వాసన వస్తుంది, పొల్యూషన్ నిబంధనలకూ విరుద్ధం.

ఇక ఫలితం. 1,10,000 దగ్గర ఇంటర్‌కూలర్ కడిగాక క్యాన్ లేకుండా 25,000 కి.మీ. తిరిగితే అడుగున 40 మి.లీ. చేరింది. మళ్లీ కడిగి, క్యాన్‌తో ఇంకో 25,000 తిరిగితే 15 మి.లీ. వచ్చింది. క్యాన్‌లో 2,500 కి.మీ.కి 25 నుంచి 40 మి.లీ. పడుతూ వచ్చింది. ఎండాకాలంలో అది నల్లటి ఆయిల్. వానాకాలం, చలికాలం పాలు ఎక్కువైన కాఫీ రంగులో నురగ. అందులో సగం నీళ్లు. ఈ నురగ చూసి హెడ్ గ్యాస్కెట్ (కూలెంట్, ఆయిల్ కలవకుండా ఆపే ప్యాకింగు) పోయిందనుకుంటారు. చల్లటి డబ్బాలో ఆవిరి నీరుగా మారి ఆయిల్‌తో చిలికిపోవడమే దానికి కారణం. కూలెంట్ తగ్గకుండా ఉండి, డిప్ స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే గ్యాస్కెట్ జోలికి పోవద్దు.

కాబట్టి ఇంటర్‌కూలర్, హోస్‌లు పొడిగా ఉండటానికి క్యాన్ కచ్చితంగా పనికొస్తుంది. మ్యానిఫోల్డ్‌కు మాత్రం దానివల్ల మేలు తక్కువే. 1,60,000 దగ్గర విప్పితే మళ్లీ 2 మి.మీ. దాకా పొర ఉంది. తేడా ఏమిటంటే ఆ పొర తారులా కాకుండా పొడిగా ఉంది, చెక్కపుల్లతో గీకితే రాలిపోయింది. మసి తెచ్చే ఈజీఆర్‌ను క్యాన్ ఆపలేదు. నూనె తగ్గించి కాటుకను కాటుక కానివ్వకుండా చేస్తుంది, అంతవరకే. పైగా డబ్బా ఖాళీ చేయడం మరిచిపోయేవాళ్లు క్యాన్ పెట్టుకోకపోవడమే నయం. నిండిన డబ్బా బ్రీదర్‌ను మూసేస్తుంది. అప్పుడు క్రాంక్ సీలు నుంచో, డిప్ స్టిక్ గొట్టం నుంచో ఆయిల్ బయటికి తన్నుతుంది. ఇంకా ఘోరం ఏమంటే, పోగైన ఆయిల్ మొత్తాన్ని టర్బో ఒక్కసారిగా పీల్చుకోవచ్చు.

ఇంటర్‌కూలర్ కడగడం

శ్రమ తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే. 50,000 కి.మీ.కి ఒకసారి చాలు.

దింపి, కారనిచ్చి, ఒక వైపు మూసి 500 మి.లీ. డీజిల్ పోసి, ఐదు నిమిషాలు అటూ ఇటూ తిప్పి ఊపి పారబోయండి. కిరోసిన్ అయినా మంచిదే గానీ ఇప్పుడు దొరకడం కష్టం. మొదటి విడత నల్లగా, మూడో విడత టీ రంగులో, నాలుగో విడతకు దాదాపు పోసిన రంగులోనే వస్తుంది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వేడినీళ్లతో రెండుసార్లు, మంచినీళ్లతో నురగ పోయేదాకా కడగాలి. ఎండలో నిలబెట్టి ఒక పూర్తి రోజు ఆరనివ్వాలి. లోపల డీజిల్ గానీ ద్రావకం గానీ మిగలకూడదు. మొదటి స్టార్టింగ్‌లోనే ఇంజన్ దాన్ని తాగేసి ఆర్పీఎం మన చేతిలో లేకుండా లేస్తుంది. పెట్రోలుతో కడగొద్దు. కాస్టిక్ సోడా అసలే వద్దు. పాత ఇనప మ్యానిఫోల్డులను సోడా నీళ్లలో ఉడకబెట్టిన అలవాటుతో కొందరు అల్యూమినియాన్నీ అందులో ముంచేస్తారు, అది లోహాన్నే తినేస్తుంది.

బిగించే ముందు హోస్ లోపలి అంచులు, పైపు పెదవులు బ్రేక్ క్లీనర్‌తో పొడిగా తుడవండి. అక్కడ జిడ్డు ఉంటే బూస్ట్ ఒత్తిడికి హోస్ జారి ఊడుతుంది. దాదాపు 1 బార్ ఒత్తిడిలో ఊడితే టప్‌మని శబ్దం, వెంటనే నల్ల పొగ, బండి లాగదు. ఓవర్‌టేక్ మధ్యలో అలా జరిగితే ప్రమాదం. పాత రబ్బరు హోస్‌లను నొక్కి చూడండి. ఆయిల్ తాగి స్పాంజిలా మెత్తబడి ఉంటే మార్చేయాలి. రంగురంగుల సిలికాన్ హోస్‌లు చూడటానికి బాగుంటాయి గానీ మామూలు సిలికాన్ ఆయిల్‌కు నిలవదు, గోడలోంచి ఆయిల్ చెమటలా ఊరుతుంది. లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నదైతేనే తీసుకోండి. లేకపోతే కంపెనీ రబ్బరు హోసే మంచిది.

మ్యానిఫోల్డు, ఈజీఆర్

ఇది పూట పని కాదు, రెండు రోజులు పెట్టుకోండి. ప్యాకింగులు ముందే తెచ్చుకోవాలి, పాతవి మళ్లీ వేస్తే గాలి లీకై విజిల్ వేస్తాయి. విప్పగానే సిలిండర్ హెడ్ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కండి. ఎన్ని కుక్కారో లెక్క రాసుకోండి, తీసేటప్పుడు అన్నీ తిరిగి రావాలి. చిన్న బొగ్గు ముక్క వాల్వు కింద ఇరుక్కుంటే కంప్రెషన్ పోతుంది, బోల్టు పడితే పిస్టనే పోతుంది.

మ్యానిఫోల్డును 12 గంటలు డీజిల్‌లో నానబెట్టి, చెక్కపుల్లతోనో ప్లాస్టిక్ గరిటెతోనో గోకి, బాటిళ్లు కడిగే బ్రష్‌తో తోమి, వేడి సబ్బునీళ్లతో కడగాలి. ప్లాస్టిక్ మ్యానిఫోల్డు అయితే ఘాటైన ద్రావకాలు, వేడి గాలి గన్ వద్దు. హెడ్ వైపు రంధ్రాలు శుభ్రం చేయాలంటే ఆ సిలిండర్ వాల్వులు మూసి ఉండేలా ఇంజన్ తిప్పి పెట్టుకుని, వాక్యూమ్ క్లీనర్ గొట్టం పక్కనే పట్టుకుని గోకాలి. అంత ఓపిక లేకపోతే హెడ్‌ను అలాగే వదిలేయడం మంచిది. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు విడతల్లో బిగించండి. 6 మి.మీ. బోల్టుకు 8 నుంచి 10, 8 మి.మీ. బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు మామూలు లెక్క. మీ బండి సర్వీస్ మాన్యువల్ వేరే చెబితే అదే ఖాయం. అల్యూమినియం మరలు చేతి బలానికి ఇట్టే పోతాయి.

ఈజీఆర్ వాల్వును కరెంటు మోటారు ఉన్న వైపు పైకి పట్టుకుని, గ్యాసు పోయే భాగం మాత్రమే కార్బొరేటర్ క్లీనర్‌తో తడిపి, పది నిమిషాలాగి పాత టూత్ బ్రష్‌తో తోమండి. మొత్తం ముంచితే మోటారు, సెన్సర్ రెండూ పోతాయి. స్క్రూడ్రైవర్‌తో బలవంతంగా తెరిస్తే లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. బూస్ట్ సెన్సర్‌ను సెన్సర్ క్లీనర్‌తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో తడిపి ఆరనిస్తే చాలు, పిన్నుతో పొడవకండి.

ఈజీఆర్‌ను రేకుతో మూసేయమని చాలామంది చెప్తారు. మసి ఆగే మాట నిజమే. అయితే ఇంజన్ లైటు వెలుగుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. మన పొల్యూషన్ టెస్టు డీజిల్‌లో పొగనే కొలుస్తుంది కాబట్టి బండి పాసైపోతుంది గానీ ఆ గాలి పీల్చేది మన వీధిలో వాళ్లే. 50 వేల కి.మీ.కి ఒకసారి కడిగితే తీరే ఇబ్బందికి ఆ పని చేయను, చేయమని చెప్పను.

స్ప్రేల గురించి రెండు ముక్కలు. ఇంజన్ నడుస్తుండగా ఇన్‌టేక్‌లోకి కొట్టే డీజిల్ క్లీనర్లు పైపొరను మెత్తబరుస్తాయి, 6 మి.మీ. బొగ్గును కరిగించలేవు. కొత్తగా కడిగిన మ్యానిఫోల్డును అలాగే ఉంచుకోడానికి కాస్త ఉపయోగం. మందంగా పేరుకున్నదాని మీద కొడితే పెచ్చులు ఊడి వాల్వుల్లో పడే ముప్పుంది. కార్బొరేటర్ క్లీనర్‌ను నడుస్తున్న డీజిల్‌లోకి ఎప్పుడూ కొట్టకండి. అది మండే సరుకు, ఇంజన్‌కు ఇంధనమే అవుతుంది.

ఆయిల్ మట్టం, గ్రేడు

నాకు బాగా నచ్చిన ఫలితం రూపాయి ఖర్చు లేకుండా వచ్చింది. డిప్ స్టిక్ పై గీత దాకా పోసే అలవాటు మాని, రెండు గీతల మధ్య ముప్పాతిక దగ్గర ఆపితే చాలు. సర్వీసులో "నిండా పోశాం సార్" అని గీత దాటించి ఇస్తారు. ఎక్కువైన ఆయిల్‌ని క్రాంకు చిలికి తుంపర చేస్తుంది, అది నేరుగా బ్రీదర్ దారి పడుతుంది. చదునైన చోట ఆపి, పది నిమిషాలాగి చూడండి.

గ్రేడు విషయంలో బ్యారెల్‌లోంచి పోసే 15డబ్ల్యూ-40 కంటే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడుకు తగ్గ సింథటిక్ మేలు. వేడికి ఆవిరయ్యే గుణం తక్కువ ఉన్న ఆయిల్‌తో తుంపర తక్కువ. డబ్బా వెనక ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) ఏ3/బీ4 అని ఉంటే ఆ ఆవిరి నష్టం 13 శాతం మించకూడదని అర్థం. 10,000 కి.మీ.కి బదులు 7,500కే మార్చడం పాత ఇంజన్‌కు మంచిది. ఈ మార్పుల తర్వాతి 25,000 కి.మీ.లో క్యాన్‌లో పడేది 15 నుంచి 20 మి.లీ.కి దిగింది. ఇంటర్‌కూలర్‌లో 10 మి.లీ. కూడా లేదు.

ఇంజన్ తనంతట తాను పరిగెత్తితే

ఇంటర్‌కూలర్‌లో గ్లాసెడు ఆయిల్ ఉంటే బండి ఆపమన్నది దీనికే. చాలాకాలం సిటీలో మెల్లగా తిరిగి, ఒకనాడు హైవేలో గట్టిగా తొక్కితే ఆ నిల్వ ఆయిల్ ఒక్కసారిగా లేచి సిలిండర్లలోకి పోతుంది. డీజిల్ ఇంజన్‌కు అదీ ఇంధనమే. కాలు తీసినా, తాళం తిప్పినా ఇంజన్ ఆగదు, తెల్లటి పొగ కక్కుతూ ఆర్పీఎం పెరుగుతూ పోతుంది. టర్బో సీలు పూర్తిగా పోయినా ఇదే జరుగుతుంది.

అప్పుడు చేయాల్సింది ఒకటే. బ్రేకు బలంగా తొక్కి పట్టుకుని, హ్యాండ్ బ్రేకు లాగి, నాలుగు లేదా ఐదో గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపేయాలి. క్లచ్ ప్లేటు కాలినా సరే, ఇంజన్ మిగులుతుంది. మొదటి గేరు వేస్తే బండి దూకుతుంది. ఇన్‌టేక్ నోటికి చెయ్యి, గుడ్డ అడ్డం పెట్టొద్దు, పీల్పు భయంకరంగా ఉంటుంది. ఆపలేకపోతే అందర్నీ దింపి దూరం జరగండి. డ్రైవర్ చేతికి బండి ఇచ్చే ఓనర్లు ఈ నాలుగు మాటలు అతనికి ముందే చెప్పి ఉంచాలి.

లీకు పరీక్ష, చివరి తనిఖీ

అన్నీ బిగించాక టర్బో నోటికి సరిపోయే పీవీసీ ఎండ్ క్యాప్‌కు ట్యూబ్ వాల్వు బిగించి, టైరు పంపుతో 0.5 బార్ దాకా గాలి కొట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోయండి. ముందుగా బ్రీదర్ పైపును ఊడదీసి, అది కలిసే రంధ్రాన్ని బిరడాతో మూయడం మరవొద్దు, లేకపోతే ఆ గాలి క్రాంక్ గదిలోకి పోయి సీళ్లను తోస్తుంది. బుడగలు వచ్చిన చోట క్లిప్పు సరిచేయాలి. క్లిప్పును హోస్ కోసేంత బిగించడం కూడా లీకుకు దారి.

200 కి.మీ. తిరిగాక క్లిప్పులన్నీ ఒకసారి చూసుకుని, జాయింట్లను పొడిగా తుడిచి, పైన కొద్దిగా టాల్కం పౌడర్ అద్దండి. మర్నాడు పౌడర్ తడిసి గోధుమరంగు తిరిగిన జాయింటే లీకు. ముగ్గుపిండి వాడొద్దు, అది రాతిపొడి. వదులైన జాయింటు దగ్గర టర్బో ముందు వైపు దూరితే కంప్రెసర్ రెక్కల్ని గీరేస్తుంది.